రొయ్యల గుంట గట్టు మీద వినదగ్గ కథలు

పని చేసుకుంటూ వినే కథకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మధ్యలో మూడు నిమిషాలు ధ్యాస ఎటో పోయి తిరిగొస్తే, కథలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో వెంటనే తెలియాలి. తెలిసిందా, అది పనిలో వినదగ్గ పుస్తకం. తెలియలేదా, ఎంత గొప్పదైనా ఇంట్లో దిండుకు ఆనుకుని వినాల్సిందే. అందుకే "అన్నా, మంచి ఆడియో పుస్తకం ఏదన్నా చెప్పు" అని ఎవరైనా అడిగితే వెంటనే పేరు చెప్పను. వినేటప్పుడు నీ చేతులు ఏం చేస్తుంటాయి, కళ్లు ఎక్కడుంటాయి అని ముందు అడుగుతాను.

నాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గరలో రొయ్యల గుంటల పని. వేసేది వెనామీ రకం రొయ్య. రోజుకు నాలుగు సార్లు మేత చల్లాలి. చల్లాక చెక్ ట్రేలు లేపి తిన్నాయా, మిగిల్చాయా చూడాలి. పగలు నీటికాకుల్ని తోలాలి. రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండాలి. ఒళ్లు అలిసే పని తక్కువ, మెలకువగా ఉండే పని ఎక్కువ. సెల్లులో సినిమా పెడితే కళ్లు గుంట మీద ఉండవు. పాటలు గంటకే మొహం మొత్తుతాయి. కథ అట్ట కాదు. తర్వాత ఏమవుతుందో చూద్దామన్న ఆశే నిద్రను ఆపుతుంది.

ఏ కథ అనేదానికంటే ముందు, ఎన్ని చెవులు అనేది తేల్చుకోవాలి. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు. నాచు, రొయ్యలు, అడుగున బురద, అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ని వాడుకుంటూ పోతాయి. తెల్లవారుజాముకు అది బాగా తగ్గిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేసేదాకా ప్రతి నిమిషం టెన్షనే. కాబట్టి నా చెవుల్లో ఒకటి ఎప్పుడూ మోటార్లది. ఇయర్‌బడ్ రెండో చెవికే, సౌండ్ సగానికి మించి పెట్టను. మీకు ఏరియేటర్లు లేకపోవచ్చు, కుక్కర్ ఉంటుంది, ఉయ్యాల్లో బిడ్డ ఉంటుంది, గేటు దగ్గర పాలాయన పిలుపు ఉంటుంది. మీరు విని తీరాల్సిన చప్పుడు ఏదో ముందు అనుకోండి. బండి నడిపేటప్పుడు మాత్రం అసలు వద్దు, ఒక్క చెవికి కూడా. మన హైవే మీద లారీలు వచ్చే తీరు మీకు తెలుసు.

ఒంటి చెవితో వినాలని తేలిపోయాక సగం పుస్తకాలు వాటంతటవే పక్కకు పోతాయి. వెనకాల వీణో వయొలినో మోగుతూ ఉండేవి ముందుగా పోతాయి. సంగీతం, మోటారు చప్పుడు, చదివేవాళ్ల గొంతు మూడూ కలిసి గొంతే మునిగిపోతుంది. కోపం సీనులో అరిచి, ఏడుపు సీనులో గుసగుసలాడే నటులు కూడా పనికిరారు. గుసగుస వినపడక సౌండ్ పెంచుతాం, ఆ వెంటనే అరుపు వచ్చి చెవి పగులుతుంది. పక్కింటి పెద్దాయన పేపరు చదివి వినిపించినట్టు, మొదటి నుంచి చివరిదాకా ఒకే మట్టంలో చదివే గొంతు నాకు ఇష్టం. ఇంట్లో విన్నవాళ్లకు అది చప్పగా అనిపించవచ్చు. గట్టు మీద అదే హాయి. ఇంకో మాట. కథలో నెల్లూరు మనిషి వచ్చాడంటే చాలు, కొందరు ప్రతి మాటా సాగదీసి నవ్వించాలని చూస్తారు. మేము మరీ అంత సాగదీయం.

నాటకంలా నలుగురు మనుషులు, శబ్దాలు పెట్టి చేసినవి బాగానే ఉంటాయి. ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో ఇట్టే తెలుస్తుంది. మా నాయన కాలంలో విజయవాడ రేడియో నాటకాలకు ఊరంతా చెవులప్పగించింది అందుకే. కానీ రాత్రి కాపలాకు అవి నప్పవు. నాటకంలో కుక్క మొరిగితే నేను టార్చి వేసి గుంట చుట్టూ చూస్తాను. ఉరుము ఉరిమితే మేత బస్తాల మీద పట్ట కప్పుతాను. పగలు, వంటింట్లో, బట్టలు ఉతికేచోట వినడానికి మాత్రం నాటకాలే మొదటి మెట్టు. వినడం కొత్తగా అలవాటు చేసుకునే పెద్దవాళ్లకు అవే పెట్టండి.

ఇక పని సంగతి. చేతులు మాత్రమే చేసే పని ఉంటుంది, లెక్క అడిగే పని ఉంటుంది. మేత చల్లడం, వలలు బాగు చేసుకోవడం, గట్టు చుట్టూ తిరగడం మొదటి రకం. మాటలు వినడానికి కావాల్సిన బుర్ర వాటికి అక్కర్లేదు. రొయ్యల్ని తూకం వేసి కిలోకు ఎన్ని వస్తున్నాయో కౌంట్ కట్టడం రెండో రకం. అక్కడ కథ ఆపేస్తాను. నూట ఇరవై దగ్గర ఉన్నప్పుడు కథలో వాడు "ఎనభై రూపాయలిచ్చాను" అన్నాడంటే లెక్క మొదటికొస్తుంది. మా ఇంటావిడ కూడా కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేంతసేపూ పుస్తకం ఆపేస్తుంది. చేపల పులుసుకు చింతపండు పిసికేటప్పుడు, చేప తోమేటప్పుడు వింటుంది. పులుసు పొయ్యి మీద పెట్టాక ఉప్పు, కారం సరిచూసేటప్పుడు మళ్లీ ఆపుతుంది. రుచి చూడటానికి చెవులతో పనేముందని నేనంటే, నువ్వు ఎప్పుడన్నా వండి చూడు అంటుంది. చదవడం, రాయడం, వాట్సాప్‌లో జవాబులివ్వడం లాంటి పనుల్లో ఏ కథా పెట్టకండి. మాటలతో పని చేస్తూ మాటలు వినడం కుదరదు, రెండిట్లో ఒకటి పోతుంది.

పుస్తకం ఎంచేటప్పుడు మొదట మనుషుల్ని లెక్కపెట్టండి. నలుగురైదుగురు ముఖ్యమైన మనుషులుంటే చాలు, అంతకు మించితే గట్టు మీద కష్టం. పేర్లు కూడా చూసుకోవాలి. ఒకే కథలో సుబ్బారావు, సుబ్బరామయ్య, సుబ్బలక్ష్మి ఉంటే కాగితం మీద కళ్లు పోల్చుకుంటాయి, చెవి పోల్చుకోలేదు. మూడు తరాల వంశవృక్షంతో మొదలయ్యే నవలను అక్కడే ఆపేయండి. ఆ తర్వాత చూడాల్సింది కాలం. కథ ముందుకే నడవాలి. ఇరవై ఏళ్లు వెనక్కి, పదేళ్లు ముందుకు గెంతుతూ ఉంటే, ఆ గెంతే చోట మనం చెక్ ట్రే లేపుతూ ఉన్నామా, ఇక ఆ అధ్యాయం మొత్తం అయోమయమే.

"నేను" అని ఒక మనిషి తన కథ తానే చెప్పుకునేవి పనిలో వినడానికి అన్నిటికంటే సులువు. ఎందుకంటే అచ్చులో మాటలకు కొటేషన్లు ఉంటాయి, ఎవరి మాట ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది. వినేటప్పుడు అవి ఉండవు. "అన్నాడు", "అంది" అని రచయిత రాయకపోతే, చదివేవాళ్లు గొంతు మార్చకపోతే, ఎవరి మాట ఎవరిదో తెలియదు. ఒకే మనిషి చెప్పుకుంటూ పోతే ఆ తంటా తక్కువ. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' ఇందుకు నా దృష్టిలో మంచి ఉదాహరణ. మొదటి భాగం వచ్చింది 1924లో. మొగల్తూరు నుంచి లండన్ బయల్దేరిన పార్వతీశం తన తంటాలన్నీ తానే చెబుతాడు. ఒక తంటా మనం వినకపోయినా వెనకే ఇంకోటి వస్తుంది, దారి తప్పం. ఒక్క జాగ్రత్త: మేత చల్లే తెప్ప మీద నిలబడి వినకండి, నవ్వొస్తే కాలు నిలవదు.

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కూడా ఇదే కోవలోవి. ఒక పిల్లాడు మా జిల్లా మాటలో చెప్పుకుపోతాడు. మనకు తెలిసిన ఊళ్లు, తెలిసిన తిండి, తెలిసిన తిట్లు ఉన్న కథ అయితే చెవికి సగం పని తగ్గుతుంది. అది ఏ ఊరు, ఎట్టాంటి ఇల్లు అని ఊహించుకోవాల్సిన పని ఉండదు కదా. మీది గోదావరి జిల్లా అయితే అక్కడి కథలు, తెలంగాణ అయితే అక్కడివి వెతుక్కోండి. దూరదేశాల కథలు చెడ్డవని కాదు, వాటికి తీరిక కావాలి.

ముందే తెలిసిన కథ మళ్లీ వినడానికి చాలామంది ఒప్పుకోరు. డబ్బు దండగ అంటారు. నేను వాళ్లతో వాదిస్తాను. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాట తెల్లవార్లూ ఆడేది. జనం మధ్యలో కునుకు తీసేవాళ్లు, టీకి లేచేవాళ్లు, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్లు. అయినా ఎవరికీ కథ తప్పేది కాదు, ఎందుకంటే రామాయణమో భారతమో అందరికీ తెలిసిందే. కునికే వాళ్లను లేపడానికి మధ్యలో బంగారక్క, జుట్టు పోలిగాడు వచ్చి గోల చేసేవాళ్లు. సగం ధ్యాసతో వినేవాళ్ల కోసం కథ ఎట్ట చెప్పాలో ఆ ఆటగాళ్లకు తెలిసినంత ఇప్పటి వాళ్లకు తెలుసా అనిపిస్తుంది. కాబట్టి ఎప్పుడో చదివి సగం మరిచిపోయిన నవలను పనికి పెట్టుకోండి. కొత్తదాన్ని తీరిక ఉన్న రోజుకు దాచుకోండి.

పాత వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలు కూడా ఇందుకు బాగా కుదురుతాయి. వారానికి ఒకసారి చదివే పాఠకుడి కోసం రాసినవి కాబట్టి, మొదట్లోనే పోయిన వారం సంగతి ఒక వాక్యంలో గుర్తు చేస్తారు, చివర ముడి వేసి వదులుతారు. ఇప్పుడు పాకెట్ ఎఫ్‌ఎం, కుకు ఎఫ్‌ఎం లాంటి యాప్‌ల్లో వచ్చే పొడుగాటి కథలదీ అదే పద్ధతి. చిన్న చిన్న ఎపిసోడ్లు, ప్రతిదాని చివరా ఒక కొక్కెం. సాహిత్యం తెలిసినవాళ్లు ముక్కు విరుస్తారు. రాత్రి రెండు గంటలకు గట్టు మీద ముక్కు విరిచేవాళ్లెవరూ ఉండరు. నాకున్న ఫిర్యాదల్లా, ఆ కథలకు ఒక పట్టాన ముగింపు రాదు. ముగింపు ఉన్న కథ వినాలనుకుంటే మొదలుపెట్టే ముందే ఎన్ని ఎపిసోడ్లో చూసుకోండి.

డిటెక్టివ్ నవలలు పనిలో భలే ఉంటాయని అంటారు. నేను ఒప్పుకోను. ఆ నవలల ప్రాణమంతా ఎక్కడో ఒక చిన్న మాటలో ఉంటుంది. తాళం ఎడమ జేబులో ఉందన్న మాట దాటిపోయిందంటే, చివర్లో అందరూ ఆశ్చర్యపోయే చోట మనం మాత్రం తెల్లమొహం వేస్తాం. దయ్యాల కథల గురించి నేను చెప్పేదేముంది, మా గుంటల వెనక సరుగుడు తోపు ఉంది. గాలికి ఆ తోపు చేసే చప్పుడు విన్నవాళ్లెవరూ రాత్రిపూట క్షుద్రపూజల నవల పెట్టుకోరు. పగలైతే సరే. హాస్యం, కుటుంబ కథలు, ప్రయాణాలు, పల్లెటూరి కథలు, ఈ నాలుగు రకాల్లో ఏది తీసుకున్నా పెద్దగా ఇబ్బంది ఉండదు.

చిన్న కథలా, నవలా అన్నది మీ పని ఎంతసేపు సాగుతుందో దాన్నిబట్టి ఉంటుంది. అరగంట పనికి చిన్న కథ నప్పుతుంది, పనీ కథా ఒకేసారి అయిపోతాయి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' మొత్తం నూరు, అన్నీ చిన్నవే. ఒక మేతకు ఒకటి వినచ్చు. కాకపోతే ఆ కథల బలం తరచూ చివరి నాలుగు వాక్యాల్లో ఉంటుంది. అవి వచ్చేసరికి చేతిలో పని ఆపి నిలబడాల్సి వస్తుంది. ఇంకో చిక్కు: కథ మారినప్పుడల్లా కొత్త మనుషుల్ని, కొత్త ఊరిని మళ్లీ పరిచయం చేసుకోవాలి. రాత్రంతా కాపలా ఉండేవాడికి అది విసుగు. ఒకే మనుషులతో తెల్లారేదాకా గడపడమే సుఖం. మామూలు వేగంతో చదివితే రెండొందల పేజీల నవల ఆరేడు గంటలు వస్తుంది, సరిగ్గా ఒక కాపలా.

పక్కన మనుషులుంటే లెక్క మారుతుంది. మా అక్క వాళ్లది ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గర. పొగాకు గ్రేడింగ్ రోజుల్లో షెడ్డులో ఆడవాళ్లంతా కూర్చుని ఆకు రంగు, మచ్చ చూసి వేరు చేస్తుంటారు. కళ్లకు, చేతులకు పని, చెవులు ఖాళీ. ఒక ఫోను స్పీకర్లో పెట్టి అందరూ ఒకే కథ వింటారు. అట్టాంటి చోట పెద్దత్తల ముందు మొహం దాచుకోవాల్సిన సీన్లు లేని కథ చూసుకోవాలని అక్క చెబుతుంది. మధ్యలో మాట్లాడుకోవడానికి వీలున్న కథ అయితే మరీ మంచిదట. కథలో అత్త ఏదో అంటుంది, షెడ్డులో పది నిమిషాలు చర్చ నడుస్తుంది, ఈలోపు కథ ముందుకు పోతుంది, ఎవరికీ బాధ లేదు. మా బావది వేరే దారి. పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్లు వేడి చూసుకుంటూ కూర్చుంటాడు. వేడిని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోవాలి, థర్మామీటర్ చూడటం మరవకూడదు. ప్రతి అధ్యాయం అరగంటకు అయిపోయే పుస్తకం ఎంచుకుంటాడు. అధ్యాయం అయిందంటే లేచి వేడి చూస్తాడు. ఇది నాకు నచ్చి నేనూ ఏరియేటర్ల చుట్టూ తిరగడానికి అదే పద్ధతి పెట్టుకున్నాను.

మా అమ్మకు డెబ్బై దాటాయి. చింతపండు పిక్కలు తీస్తూ వింటుంది. ఆమెకు ఫోనులో వెతకడం రాదు కాబట్టి, నేనే వరసగా పేర్చి ఒక్క బొత్తాం నొక్కితే మొదలయ్యేట్టు పెట్టి వస్తాను. పెద్దవాళ్లకు పుస్తకం ఎంచేటప్పుడు కథకంటే ఈ ఏర్పాటే ముఖ్యం.

కొనే ముందు నమూనా వినే వీలు చాలా యాప్‌ల్లో ఉంటుంది. దాన్ని నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినకండి. కొళాయి తిప్పి, అంట్లు తోముతూ వినండి. వీలైతే మొదటి అధ్యాయం కాకుండా మధ్యలో ఒకటి పెట్టి చూడండి. మొదటి అధ్యాయం అందరూ శ్రద్ధగానే చదువుతారు, అలసట తెలిసేది మధ్యలోనే. వేగం పెంచడం మీ ఇష్టం. మా ఇంటావిడ ఒకటింపావు వేగంతో వింటుంది. మోటార్ల పక్కన నాకు మామూలు వేగమే అందుతుంది.

తెలుగు ఆడియో పుస్తకాల కోసమే ఉన్న యాప్ దాసుభాషితం, అక్కడ మొదలుపెట్టవచ్చు. యూట్యూబ్‌లో ఉచితంగా బోలెడు దొరుకుతాయి. కానీ ప్రీమియం లేకపోతే తెర ఆపగానే ఆడియో ఆగిపోతుంది, తెర వెలుగుతూ ఉంటే తెల్లారేలోపు బ్యాటరీ ఖాళీ. పైగా అక్కడ పెట్టిన వాటిలో రచయిత కుటుంబానికి రూపాయి అందనివి ఎన్నో. ఫోనే చదివి పెట్టే మరగొంతు ఉంది కదా అంటారు. తెలిసిన కథకు పర్వాలేదు. సంభాషణలు మాత్రం అందరివీ ఒకేలా చదివేస్తుంది, ఎవరు తిడుతున్నారో ఎవరు బతిమాలుతున్నారో తెలియదు. మా గుంటల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఇంట్లో వైఫై మీద ముందే దింపుకుంటాను. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) నాణ్యతలో ఉన్న ఆడియో గంటకు దాదాపు 29 ఎంబీ అవుతుంది. అంటే పది గంటల నవల కూడా 300 ఎంబీ లోపే. ఫోను జిప్ కవర్లో వేసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఇయర్‌బడ్‌ని రెండు సార్లు తడితే ముప్పై సెకన్లు వెనక్కి పోయే ఏర్పాటు ఉంటే తప్పకుండా పెట్టుకోండి, మేత చేతులతో తెర ముట్టుకునే పని తప్పుతుంది.

ఇరవై నిమిషాల్లో పట్టుకోని పుస్తకాన్ని మొహమాటం లేకుండా వదిలేస్తాను. వదిలేసిన వాటిలో మంచివి, ఈ పనికి నప్పనివి, రెండూ కలిసే ఉంటాయి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' అంతా సీతారామారావు మనసులోనే నడుస్తుంది. అతని ఆలోచన ఒక మెట్టు దాటేస్తే తర్వాతి మెట్టు అందదు. దాన్ని పినాకిని రైల్లో ఒంగోలు పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని వింటాను. విశ్వనాథ 'వేయిపడగలు' అయితే రైలు కూడా చాలదు. పంట పట్టేశాక గుంట నీళ్లు తీసేసి అడుగు ఎండబెడతాం. మళ్లీ పిల్ల వేసేదాకా మోటార్లు ఉండవు, మేత ఉండదు. ఆ రోజుల కోసం దాన్ని ఫోనులో విడిగా దాచిపెట్టాను.